మాత్ర మారలేదు.. వేళ మారింది!

తోటపల్లి గూడూరు (మా విలేకరి): ఉదయం 6 గంటలు కాగానే ఆ ఇంట్లో సెల్‌ఫోను మోగుతుంది. ఎవరూ తీసి హలో అనరు. ఇల్లాలు గ్లాసుడు నీళ్లు, ఒక మాత్ర తెచ్చి మంచం మీది భర్త చేతికిస్తుంది. కాఫీ లేదు, బిస్కెట్టు లేదు. వట్టి నీళ్లే. మాత్ర మింగి ఆయన మళ్లీ వెల్లకిలా పడుకుంటారు. 6.45 దాటాక తనంతట తానే లేచి, పంచె బిగించుకుని పెరట్లోకి నడుస్తారు. 7 గంటలకు ఇడ్లీ. 10 గంటలకు ఫోను మళ్లీ మోగుతుంది.

ఆయన ఈ విలేకరికి మేనమామ. వయసు 63. పెన్నా కాలువ చివరి భూముల్లో 4 ఎకరాల మాగాణి ఉంది. పార్కిన్సన్ వ్యాధి బయటపడి 7 ఏళ్లయింది. పేరు మాత్రం రాయవద్దన్నారు. ఊరందరికీ తెలిసిన సంగతే గదా మామా అంటే, "ఊరికి తెలిస్తే చాల్లే అబ్బయ్యా, పేపరోళ్లకెందుకు" అన్నారు. ఎదురుగా ఉన్నది పేపరువాడేనన్న సంగతి ఆయనకు గుర్తున్నట్లు లేదు.

నిరుడు ఇదే రోజుల్లో ఆయన పరిస్థితి వేరు. మధ్యాహ్నం అన్నం తిని లేవబోతే కాలు నేలకు అతుక్కుపోయేది. పీట మీద నుంచి ఇద్దరు పట్టి లేపవలసి వచ్చేది. అప్పుడు వాడిందీ ఈ మాత్రలే. రోజుకు నాలుగున్నర మాత్రలు. ఇప్పుడు వాడుతున్నదీ నాలుగున్నరే. మారిందల్లా వేళ.

వణుకు ఒక్కటే కాదు

మన పల్లెల్లో దీన్ని వణుకుడు జబ్బు అంటారు. ఆయుర్వేదంలో కంపవాతం. లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు 1817లో ఈ జబ్బు గురించి విపులంగా రాశాడు. అందుకే ఆయన పేరు స్థిరపడింది. అయితే వణుకు లేకుండా కూడా ఈ వ్యాధి రావచ్చు. నడక నెమ్మదించడం, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం, ముఖంలో కదలిక తగ్గడం, మాట సన్నబడడం, కండరాలు బిగుసుకుపోవడం కూడా దీని లక్షణాలే. మా మామకు ముందు వచ్చింది వణుకు కాదు. చొక్కా గుండీ పెట్టుకోవడం చేతకాలేదు. వయసు మీద పడిందని అందరూ అనుకున్నారు. అప్పటికి ఆయనకు 56 ఏళ్లే.

మెదడు లోపలి భాగంలో కొన్ని కణాలు డోపమిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. మనిషి కదలికలు సాఫీగా సాగడానికి అది కావాలి. ఈ వ్యాధిలో ఆ కణాలు ఒక్కొక్కటిగా నశిస్తాయి. ఎందుకు నశిస్తాయో చాలామంది విషయంలో కారణం తేలదు. డోపమిన్‌ను నేరుగా మింగించి లాభం లేదు. రక్తంలో నుంచి అది మెదడులోకి పోలేదు. దాని ముందు రూపమైన లీవోడోపా మాత్రం పోగలదు. మెదడులోకి చేరాక అది డోపమిన్‌గా మారుతుంది. సిండోపా వంటి మాత్రల్లో ఉండేది ఈ లీవోడోపాయే. దానికి తోడుగా కార్బిడోపా అనే మరో మందు ఉంటుంది. లీవోడోపా దారిలోనే, రక్తంలోనే ఖర్చయిపోకుండా అది కాపలా కాస్తుంది. వాంతులు, వికారం తగ్గేది కూడా దానివల్లే.

మాత్రల షీటు మీది అంకెలు చాలామందికి అర్థం కావు. 110 అంటే లీవోడోపా 100 మిల్లీగ్రాములు, కార్బిడోపా 10. ప్లస్ 125 అంటే లీవోడోపా అదే 100, కార్బిడోపా 25. 275 అంటే 250, 25. అంకె పెద్దదయితే మంచి మాత్ర, చిన్నదయితే చవక మాత్ర అనుకుని మందుల షాపులో ఒకటి లేకపోతే మరొకటి తెచ్చుకునేవారు ఉన్నారు. 110 బదులు 275 వేసుకుంటే మందు రెండున్నర రెట్లు లోపలికి పోయినట్లే.

చెరువు పూడిపోయాక..

జబ్బు వచ్చిన మొదటి 4 ఏళ్లు మామకు ఏ ఇబ్బందీ లేదు. రోజుకు 3 సార్లు మాత్ర వేసుకుని, ఎడగారు పైరు కూడా దగ్గరుండి కోయించారు. ఒక పూట మాత్ర మరిచిపోయినా తేడా తెలిసేది కాదు. తరువాత తరువాత మాత్ర వేసుకున్న 4 గంటలకే బిగుసుకుపోవడం మొదలయింది. ఎందుకిలా అయిందో నెల్లూరులోని నరాల డాక్టరు చెప్పినదాన్ని మామ తన భాషలోకి మార్చుకున్నారు.

"చెరువులో నీళ్లుంటే కాలువ వచ్చినా రాకున్నా పైరు పండతది. చెరువు పూడిపోయిందనుకో, కాలువ వంతు వచ్చిన పూటే తడి. వంతు అయిపోతే బీటలు. నా తలకాయలో చెరువు పూడిపోయిందబ్బయ్యా."

ఇంతకంటే బాగా చెప్పడం ఈ విలేకరి వల్ల కాదు. తొలినాళ్లలో మెదడులో మిగిలిన కణాలు వచ్చిన మందును దాచుకుని కొద్దికొద్దిగా వాడుకుంటాయి. కణాలు తగ్గేకొద్దీ దాచుకునే చోటు ఉండదు. రక్తంలో లీవోడోపా ప్రతి గంటన్నరకు సుమారు సగానికి తగ్గిపోతుంది. కనుక మాత్ర ఎక్కినప్పుడు మనిషి లేస్తాడు, దిగినప్పుడు పడిపోతాడు. కోడూరు రేవు వారికి ఆటుపోట్ల సంగతి చెప్పనక్కర లేదు. ఈ రోగి ఒంట్లో రోజుకు మూడు నాలుగుసార్లు అదే జరుగుతుంది.

మరయితే ఎక్కువ మందు ఒకేసారి వేసుకుంటే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మామకూ అనిపించింది. ఒక మందుల షాపులో అడిగితే ఒకటి బదులు ఒకటిన్నర వేసుకోమన్నారట. ఒకటిన్నర చొప్పున 3 పూటలు వేసుకున్నారు. గంట తరువాత బిగువు వదిలింది కాని మెడ, భుజాలు పాము మెలికలు తిరిగినట్లు తిరగసాగాయి. ఆయన ఆపుకోలేరు. ఇరుగుపొరుగు చూసి గాలి సోకిందన్నారు. గాలీ లేదు, ధూళీ లేదు. ఈ దశలో మందు ఎక్కువయితే కనిపించే లక్షణమే అది. తక్కువయితే కొయ్య, ఎక్కువయితే మెలికలు. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నటి గట్టు మీద మనిషిని నడిపించడమే వైద్యం. ఆ గట్టు ఎంత వెడల్పో ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. పక్కింటాయన చీటీ చూసి మందు వేసుకోకూడదనేది అందుకే.

మద్రాసులో తీశారు

లీవోడోపాకు మన వైపు కూడా ఒక కథ ఉంది. చేలగట్ల మీద, కంపల మీద పాకే దూలగొండి తీగ అందరికీ తెలిసిందే. కాయ నూగు తగిలితే ఒళ్లంతా దురద. ఆ గింజల్లో లీవోడోపా ఉందని 1937లో ప్రకటించినవారు మద్రాసు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలోని దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు. అప్పట్లో నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. అది వణుకుడు జబ్బుకు మందు అవుతుందని ఆనాడు ఎవరికీ తెలియదు. ఈ రోగుల మెదడులో డోపమిన్ కొరవడిందని వియన్నా నగరంలో 1960లో తేలింది. మరుసటి ఏడే అక్కడి వైద్యులు రోగులకు లీవోడోపా సూది వేసి చూశారు. లేవలేనివారు లేచారు. కాని కొన్ని గంటలే.

రోజువారీ వైద్యంగా దాన్ని నిలబెట్టింది అమెరికాలోని జార్జ్ కొట్జియాస్ అనే డాక్టరు. 1967లో ఆయన కనిపెట్టింది కొత్త మందు కాదు. ఉన్న మందునే అతి కొద్దిగా మొదలుపెట్టి, వారాల తరబడి మెల్లమెల్లగా పెంచుతూ పోయాడు. అంతకు ముందు పనిచేయదని కొందరు వదిలేసిన మందు ఆ పద్ధతిలో పనిచేసింది. అంటే ఈ జబ్బులో మోతాదు వెతుక్కోవడం మొదటి నుంచీ ఉన్న పనే.

గింజలోనే మందు ఉన్నప్పుడు పొడి చేసుకుని తింటే పోలేదా? ఈ ప్రశ్న వేసినవాడు ఈ విలేకరే. మూడేళ్ల క్రితం నెల్లూరులో ఒకచోట దూలగొండి పొడి కొని మామకు తెచ్చి ఇచ్చాడు. మాత్రలు మానకుండానే ఆయన రోజూ రెండు చెంచాలు పాలల్లో కలుపుకుని తాగారు. వారం తిరిగేసరికి రాత్రిళ్లు ఒకటే మెలికలు, వాంతులు. గింజల్లో మందు ఉన్న మాట నిజమే. గింజల పొడితో రోగులకు వైద్యం చేసి చూసిన పరిశోధనలూ ఉన్నాయి. కాని ఏ పొడిలో ఎంత ఉందో షాపువాడికీ తెలియదు, తెచ్చినవాడికీ తెలియదు. మాత్రతో కలిసి అది రెట్టింపు మోతాదయింది. అత్త ఆ డబ్బా ఇప్పటికీ అటక మీద దాచి ఉంచింది. ఈ విలేకరి వెళ్లినప్పుడల్లా దానివైపు ఒకసారి చూస్తుంది.

శనివారం సంగతి

నిరుడు నెల్లూరులో చూపించినప్పుడు నరాల డాక్టరు స్కానింగు రాయలేదు. ఒక నోటు పుస్తకం పెట్టమన్నారు. వారం రోజుల పాటు మాత్ర ఎన్నింటికి వేసుకున్నదీ, అన్నం ఎన్నింటికి తిన్నదీ, ఏ గంటలో నడక బాగున్నదీ, ఏ గంటలో బిగుసుకున్నదీ రాయాలి. అత్త చదివింది అయిదో తరగతి. ఎరువుల అప్పులు రాసుకునే పాత పుస్తకం తీసి, గీతలు గీసి, నడక బాగుంటే "న" అనీ, బిగుసుకుంటే "బి" అనీ, మెలికలు తిరిగితే "మె" అనీ రాసింది. తిన్న కూర పేరు కూడా రాసింది. అది డాక్టరు అడగలేదు. కూరల ఖర్చు రాసే అలవాటు కొద్దీ రాసింది.

ఆ కూరల పేర్లే అసలు సంగతి బయట పెట్టాయి.

మధ్యాహ్నం 1.30కి అన్నంతో పాటు మాత్ర. చేపల పులుసు రాసిన రోజు సాయంత్రం 4 దాకా "బి". పప్పు రాసిన రోజూ అంతే. శనివారం మాత్రం 2 గంటలకల్లా "న". ఆ రోజు వేంకటేశ్వర స్వామికి ఒంటిపొద్దు. మధ్యాహ్నం రెండు అరటిపళ్లతో సరి. "శనివారం మనిషి తేలిగ్గా ఉంటే స్వామి దయ అనుకున్నా" అని అత్త డాక్టరుకు చెప్పింది. ఆయన పుస్తకం తిరగేసి, దయతో పాటు మరో కారణం కూడా ఉందన్నారు.

చేపలు, మాంసం, గుడ్లు, పప్పు, పాలు, పెరుగు, వీటన్నింటిలో మాంసకృత్తులు ఉంటాయి. లీవోడోపా కూడా పేగుల్లో నుంచి రక్తంలోకి, రక్తంలో నుంచి మెదడులోకి ఆ మాంసకృత్తులు పోయే దారినే పోవాలి. ఇరుకు వంతెన మీద ఒకేసారి రెండు ఎడ్లబండ్లు ఎదురుపడితే ఏమవుతుందో అదే అవుతుంది. పైగా కడుపు నిండుగా ఉంటే మాత్ర కిందికి దిగడమే ఆలస్యం. మలబద్ధకం ఉంటే మరీ. ఈ వ్యాధి ఉన్నవారిలో మలబద్ధకం సర్వసాధారణం. కాబట్టి మామ 3 ఏళ్లుగా చేపల పులుసుతో కలిపి మాత్ర మింగుతూ, మాత్ర పనిచేయడం లేదని బాధపడుతూ వచ్చారు.

డాక్టరు మందు పెంచలేదు. ఒకటిన్నర చొప్పున 3 సార్లు వేసేదాన్ని విడగొట్టారు. 6 గంటలకు ఒకటి, 10కి ఒకటి, 2కి ఒకటి, సాయంత్రం 6కి ఒకటి, పడుకునే ముందు 9.30కి సగం. మాత్రకు, భోజనానికి మధ్య ఎడం ఉండాలి. తినడానికి అర గంట నుంచి గంట ముందు, లేదా తిన్న గంట రెండు గంటల తరువాత. మధ్యాహ్న భోజనం 12కే ముగించాలి. చేపలు, పప్పు ఎక్కువ భాగం రాత్రి పూటకు మార్చుకోవాలి. పూర్తిగా మానకూడదు. మానితే మనిషి చిక్కిపోతాడు. ఈ లెక్క మామది. మరొకరు దీన్ని కత్తిరించి దాచుకుని వాడవద్దని మనవి. కొత్తగా మాత్ర మొదలుపెట్టి వికారం చేసేవారికి ఏదైనా కొద్దిగా తిని వేసుకోమని డాక్టర్లే చెబుతారు.

నెల్లూరు సీమలో మధ్యాహ్నం చేపల పులుసు లేకుండా అన్నం పెట్టడమంటే చిన్న సంగతి కాదు. మొదటి నాలుగు రోజులు మామ విస్తరి ముందు అలిగారు. అయిదో రోజు 2 గంటల మాత్రకు 2.40కల్లా లేచి వీధిలోకి వచ్చారు. ఆ రోజు నుంచి పులుసు రాత్రికే.

మంచికి ఇచ్చిన మందే

మోతాదు, వేళ సరిపడ్డాక కూడా చెడగొట్టేవి కొన్ని ఉన్నాయి. తల తిరుగుతోందని చెబితే సిన్నరిజైన్, ఫ్లునారిజైన్ మాత్రలు ఇస్తుంటారు. వాంతులకు మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్ ఇస్తుంటారు. మామూలు మనిషికి అవి మందులే. పార్కిన్సన్ రోగికి మాత్రం అవి డోపమిన్ పనిని అడ్డుకుని బిగువును పెంచుతాయి. ఈ జబ్బు లేని ముసలివారికి కూడా వీటిని నెలల తరబడి వాడితే అచ్చం ఇదే జబ్బు వచ్చినట్లు వణుకు, బిగువు రావచ్చు. ఆ మందు మానితే చాలామందిలో మెల్లగా తగ్గుతుంది. వాంతులయితే డోంపెరిడోన్ వంటి వేరే మందు ఉంది. అదీ డాక్టరును అడిగే వాడాలి. రక్తం పట్టడానికి వేసుకునే ఐరన్ మాత్రను లీవోడోపాతో కలిపి మింగితే అది పేగుల్లోనే లీవోడోపాను పట్టుకుంటుంది. రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం కావాలి. నిదానంగా కరిగే సీఆర్ రకం మాత్రలను నలపడం, నమలడం కూడదు.

కోడూరు వైపు ఒక మత్స్యకారుడి ఇంట్లో మరో రకం కథ. 70 ఏళ్లు దాటిన ఆయనకు వణుకు తగ్గాలని పాసిటేన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడారు. వణుకు కొంత తగ్గింది. ఇటీవల రాత్రిళ్లు లేచి, వాకిట్లో ఎవరో నలుగురు కూర్చున్నారు, వారికి అన్నం పెట్టమని భార్యను అడగసాగాడు. ఆమె భయపడి భూతవైద్యుడి దగ్గరకు తిప్పింది. పెద్ద వయసువారిలో ఆ మాత్ర మతిమరుపును, లేనివి కనిపించడాన్ని తెచ్చిపెట్టవచ్చు. డాక్టరు దాన్ని ఒక్కసారిగా మాన్పించకుండా వారాల మీద తగ్గించుకుంటూ వచ్చారు. "ఇప్పుడు వాకిట్లో ఎవురూ లేరంట. చెయ్యి మాత్రం వణకతానే ఉండాది. వణకనీలే, మడిసి మడిసిగా ఉండాడు" అంటోంది ఆమె.

మాన్పించడం అంటే గుర్తుకు వచ్చింది. లీవోడోపాను ఉన్నట్టుండి ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది. తీవ్రమైన జ్వరం, కొయ్యబారడం, స్పృహ తప్పడం జరగవచ్చు. పసరు మందు వేసుకునేటప్పుడు ఇంగ్లీషు మందు పూర్తిగా మానాలని చెప్పేవారు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వేరే జబ్బుకు ఆసుపత్రిలో చేరినప్పుడు కూడా ఇదే ప్రమాదం. అక్కడ మందులు ఇచ్చే వేళలు వారికి ఉంటాయి. రోగి వేళలు ఒక కాగితం మీద రాసి నర్సు చేతికి ఇవ్వడం మంచిది.

నరుకూరు ప్రాంతానికి చెందిన ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు కూడా నోటు పుస్తకం రాస్తారు. ఆయన పుస్తకంలో "న", "బి" లేవు. అక్షరాలే చెబుతాయి. మాత్ర పనిచేస్తున్న గంటలో రాసినవి గుండ్రంగా, నల్లబల్ల మీద రాసినట్లు ఉంటాయి. మందు దిగిపోతున్న గంటలో రాసినవి లైను చివరికి వచ్చేసరికి చీమలంత అవుతాయి. చేతిరాత కుంచించుకుపోవడం ఈ వ్యాధి గుర్తుల్లో ఒకటి. డాక్టరు ఆ పుస్తకాన్ని చదవకుండా, దూరం నుంచి చూసే వేళలు మార్చారట. "35 ఏళ్లు పిల్లల చేతిరాత దిద్దాను. ఇప్పుడు నాది దిద్దుతున్నారు" అన్నారు మాష్టారు.

ముహూర్తం 4.20కి

మామ రెండో కూతురు పెళ్లి మొన్న మాఘమాసంలో జరిగింది. ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలకు. మామ ఒంట్లో ఆ వేళ అంటే అన్ని గంటల్లోకీ అధ్వానమైన గంట. రాత్రి వేసిన సగం మాత్ర ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. తాను పీటల మీద కూర్చోలేనని, తమ్ముడి చేత కన్యాదానం చేయించాలని ఆయన లగ్నపత్రిక నాడే నిశ్చయించుకున్నారు. అత్త మాట్లాడలేదు. మరునాడు నోటు పుస్తకం, శుభలేఖ రెండూ తీసుకుని నెల్లూరు బస్సెక్కింది.

డాక్టరు శుభలేఖ చూసి, ముహూర్తం ఎన్నింటికని అడిగారట. ఆ ఒక్క రోజుకు ఉదయం 6 గంటల మాత్రను 3.30కి జరిపారు. అక్కడి నుంచి 4 గంటలకు ఒకటి చొప్పున మిగతావి ముందుకు జరగాలి. రాత్రి పెళ్లి విందులో గారెలు, పెరుగు జోలికి పోకూడదు. అయితే ఆ రోజే మొదటిసారి వేసి చూడవద్దు, పది రోజుల ముందే ఇంట్లో ఒకసారి ప్రయత్నించమన్నారు.

ఆ ప్రయత్నానికి ఈ విలేకరి సాక్షి. తెల్లవారుజామున 3.30కి మామను లేపి మాత్ర వేశారు. 4.10కి చాప మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చారు. పెళ్లికొడుకు స్థానంలో ఈ విలేకరి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మేనల్లుడి కాళ్లు మేనమామ కడగడం వింతేమీ కాదు గాని, చలికాలం 4 గంటలకు చన్నీళ్లతో కడిగించుకోవడం వింతే. చెంబు నిలిచింది. నీళ్లు ధారగా పడ్డాయి.

పెళ్లిలో పురోహితుడు పావుగంట ఆలస్యం చేశారు. మండపంలో అందరూ పెళ్లికూతురి వైపు చూస్తుంటే అత్త మాత్రం గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. మామ అల్లుడి కాళ్లు కడిగారు. నీళ్లు వదిలారు. చివరి అక్షింతలప్పుడు చెయ్యి బాగా వణికి సగం అక్షింతలు పీటల మీదే రాలిపోయాయి. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అక్షింతలు రాలేవే గదా.

అర గంట కోసం

ఇదంతా ఒకసారి కుదిరితే ఇక జీవితాంతం అదే లెక్క అనుకోవడానికి వీలు లేదు. జబ్బు ముందుకు జరుగుతూనే ఉంటుంది. మందు నిలిచే వ్యవధి తగ్గినప్పుడు లీవోడోపాకు తోడుగా ఎంటాకపోన్, రాసజిలిన్, ప్రమిపెక్సోల్ వంటివి చేరుస్తారు. సాఫినమైడ్ అనే మరో తోడు మందుపై మన దేశంతో పాటు రుమేనియా, ఇటలీలలో 669 మంది రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2014లో ప్రచురితమయ్యాయి. ఆ వ్యాసం మొదటి రచయిత హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేసిన డాక్టర్ రూపం బొర్గొహైన్. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారితో పోలిస్తే ఆ మందు వేసుకున్నవారికి రోజులో బాగా కదలగలిగే సమయం సుమారు అర గంట పెరిగింది. ఇంత చేసి అర గంటేనా అని నవ్వేవారు ఒకసారి మా అత్తను అడగాలి. స్నానం చేసి, బట్ట కట్టుకుని, ఒకరి చేయి పట్టకుండా నాలుగు మెతుకులు తినడానికి పట్టేది అర గంటే.

మందులతో గాడిన పడనివారిలో కొందరికి మెదడులోకి సన్నటి తీగలు పంపి కరెంటు ఇచ్చే ఆపరేషన్ ఉంది. నిమ్స్‌లో అది ఏళ్లుగా చేస్తున్నారు. అందరికీ పనికిరాదు. లీవోడోపా మాత్రలు కేంద్ర ప్రభుత్వ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి కనుక వాటి ధరకు పరిమితి ఉంది. తోడు మందులు చేరేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. మామకు మందుల కన్నా నెల్లూరుకు పోయి రావడమే భారం. ఒకప్పుడు ఈ జబ్బుకు మద్రాసో, రాయవేలూరో పోవలసి వచ్చేది. ఇప్పుడు నెల్లూరులోనే నరాల డాక్టర్లున్నారు. అయినా బిగుసుకుపోయిన మనిషిని బస్సు ఎక్కించడం ఎక్కించేవారికే తెలుస్తుంది. 10 గంటల మాత్ర ఎక్కిన తరువాత బయలుదేరి, 2 గంటల మాత్ర జేబులో పెట్టుకుని పోవాలని అత్త కనుక్కుంది.

ఈ వ్యాసం కోసం మొన్న వెళ్లినప్పుడు ఆమె కొత్త పుస్తకం చూపింది. గత మూడు వారాలుగా సాయంత్రం 5 గంటల గడిలో మళ్లీ "బి" కనిపిస్తోంది. 2 గంటల మాత్ర 6 దాకా నిలవడం లేదు. వచ్చే మంగళవారం నెల్లూరు పోతున్నారు. ఏ మాత్ర మారుస్తారో, ఏ వేళ మారుస్తారో తెలియదు. మామ మాట్లాడుతూ ఉండగానే ఫోను మోగింది. 2 గంటలు.

"ఉండబ్బయ్యా, రాసుకునేది తరవాత" అంటూ అత్త నీళ్లకు లేచింది.